ఎర్ర గీత దాకా ఇసుక: కణేకల్లు దిబ్బల దగ్గర ఒక రోజు

మానస లెక్క తప్పని నిరూపించడానికి నేను ఈ ప్రయాణం మొదలుపెట్టాను. కణేకల్లు ఇసుక దిబ్బలకు ఎలా వెళ్లాలి, ఎంత ఖర్చవుతుంది, ఆడపిల్లలు ఒంటరిగా వెళ్లొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. ఆ వివరాలన్నీ కింద ఉన్నాయి. కానీ ఎందుకు వెళ్లానో దాచిపెట్టి దారి మాత్రం చెప్తే సగం అబద్ధం రాసినట్టు ఉంటుంది. అందుకే అది ముందే చెప్పేస్తున్నాను.

మానసా నేనూ అనంతపురంలో ఒకే సార్ దగ్గర, ఒకే నెలలో భూగర్భశాస్త్రంలో పరిశోధనకు చేరాం. వాళ్ల నాన్న ఇంజనీరు, అమ్మ కాలేజీ లెక్చరర్. మా నాయన గుత్తి దగ్గర గొర్రెలు మేపుతాడు. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. మానస గదిలో కూర్చుని ఉపగ్రహ చిత్రాలతో పని చేసింది. నేను రెండేళ్లు బస్సుల్లో తిరిగి, వేదవతి ఒడ్డున ఇసుక మేట వేసే పొలంలో నలభై ఇనుప కడ్డీలు నాటి కొలతలు తీశాను. పోయిన నెల మానస వ్యాసం పెద్ద అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది. మన దిబ్బలను అంగారకుడి మీది దిబ్బలతో పోల్చి, ఆ పొలాల మీద ఇసుక ఏటా జానెడు మందం పేరుకుంటోందని రాసింది. ఆ పత్రికలో వ్యాసం వేయించుకోవాలంటే రచయితలే లక్షల్లో రుసుము కట్టాలి. అది ఆమెతో కలిసి రాసిన విదేశీ ప్రొఫెసర్ సంస్థ కట్టింది. ఆ ఊపులోనే యూరప్‌లో జరిగే సమావేశానికి రమ్మని పిలుపు కూడా వచ్చింది. సార్ మైసూర్‌పాక్ తెప్పించి డిపార్ట్‌మెంటంతా పంచాడు. నేను రెండు ముక్కలు తిని, బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పి చాలాసేపు నిలబడ్డాను.

మానస ఆ దిబ్బల దగ్గరికి వచ్చింది ఒకే ఒక్కసారి. తెల్ల బూట్లు వేసుకుని వచ్చింది. నా కడ్డీ పక్కన నిలబెట్టి ఆమెకు ఫొటో తీసింది నేనే. ఆ ఫొటో వ్యాసంలో ఉంది. చివర కృతజ్ఞతల్లో నా పేరు కూడా ఉంది, చివరి నుంచి రెండోది. నా తర్వాత ఉన్నది ఆ రోజు కారు నడిపిన డ్రైవర్ పేరు. నాకు ఇంకా మంట ఎక్కించింది ఏంటంటే, కరువు నేలల్లో ఇసుక మేటల గురించి నేను రాసిన నిధుల దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చింది. అంగారకుడు అన్న మాట ఒకటి కలిపి ఉంటే వచ్చేదేమోనమ్మా అన్నాడు సార్. నవ్వుతూనే అన్నాడు.

అయితే నా దగ్గర ఒక ఆయుధం ఉందనుకున్నాను. ఒక్కో కడ్డీని సగం దాకా భూమిలో దిగేసి, ఇసుక మట్టం దగ్గర ఎర్ర రంగుతో గీత గీశాను. ఇసుక పేరుకుంటే గీత మునిగిపోవాలి. కొట్టుకుపోతే గీత పైకి తేలాలి. రెండేళ్లలో తొమ్మిదిసార్లు వెళ్లి కొలిచాను. ప్రతిసారీ గీత ఇసుక మట్టానికి రెండు వేళ్ల లోపే ఉంది. అంటే అక్కడ ఇసుక పెరగడం లేదు. ఉపగ్రహం లెక్క తప్పు, నా కడ్డీల లెక్క ఒప్పు. మానస వ్యాసాన్ని ఖండిస్తూ అదే పత్రికకు నాలుగు పేజీల ప్రతిస్పందన రాశాను. అలాంటి ప్రతిస్పందనలకు రుసుము ఉండదు. అప్పటికి నా ఫెలోషిప్ ఈ నెలతో ముగియబోతోంది. సోమవారం జరిగే సమీక్షలో ఏదో ఒక పత్రికకు వ్యాసం పంపినట్టు రుజువు చూపిస్తే ఇంకో ఏడాది పొడిగిస్తారు. లేకపోతే లేదు. రాతంతా అయిపోయింది. కడ్డీల తాజా ఫొటో ఒకటి పెట్టి పంపడమే మిగిలింది. ఆ ఫొటో కోసం శనివారం పొద్దున బయలుదేరాను.

అనంతపురం బస్టాండు నుంచి కళ్యాణదుర్గం మీదుగా రాయదుర్గం పోయే మొదటి బస్సుల్లో ఒకటి ఐదూ ఇరవైకి దొరికింది. పల్లెవెలుగు బస్సులో ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్ ఇస్తారు. రాష్ట్రం దాటి పోయే బస్సుల్లో ఇది చెల్లదు, చూసుకుని ఎక్కండి. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చుంటే వెళ్లేటప్పుడు ఎండ ముఖాన కొట్టదనుకున్నాను కానీ, దారి మెలికలు తిరిగేటప్పుడు ఎటు కూర్చున్నా ఒకటే. ఆషాఢం సగం గడిచినా ఎక్కడా విత్తడానికి సరిపడా తడి పదును లేదు. దున్నిపెట్టిన చేలు ఎర్రగా, ఖాళీగా ఉన్నాయి. వేరుశనగ విత్తనాలు ఇళ్లలోనే ఉన్నాయని కండక్టర్ పక్కసీటు పెద్దాయనతో అంటున్నాడు. నేను ఫోన్‌లో మానస వ్యాసం మళ్లీ తెరిచి చదివాను. తప్పులు వెతకడానికి చదివే కొద్దీ ఆమె ఎంత బాగా రాసిందో తెలుస్తోంది. ఆమె ఇంగ్లీషు తడబడదు. నా నాలుగు పేజీలు సార్ మూడుసార్లు దిద్దాడు.

ఎనిమిదింటికి రాయదుర్గం. బస్టాండు ఎదురుగా బండి మీద బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ నలభై రూపాయలు. వేడివేడిగా వేస్తున్నప్పుడే తినండి, తొమ్మిది దాటితే బజ్జీలు మెత్తబడతాయి. అక్కడి నుంచి కణేకల్లు బస్సు ముక్కాలు గంట. కణేకల్లులో దిగాక దిబ్బల దాకా బస్సు లేదు, ఆటో మాట్లాడుకోవాలి. రానూ పోనూ, మధ్యలో ఆగడానికీ కలిపి నాలుగు వందలకు ఎర్రిస్వామన్న ఒప్పుకున్నాడు. ఆయనది గుమ్మఘట్ట, కణేకల్లుకు ఇల్లరికం వచ్చాడు. ఫోన్ వస్తే కన్నడంలో మొదలుపెట్టి తెలుగులో తిట్టి పెట్టేస్తాడు. పోయినసారి కూడా నన్ను తీసుకెళ్లింది ఆయనే. మళ్లీ ఎందుకొచ్చావని అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పాను, అంగారకుడితో సహా.

ఆయన అద్దంలో నన్ను చూసి, "ఏమ్మా, ఆకాశంలో ఉండే ఇసక చూసేకి దుడ్లు ఇస్తారా?" అన్నాడు.

ఇస్తారన్నాను.

"ఈడ ఉండే ఇసకకు ఇయ్యరా?"

రెండుసార్లు అడిగాను, ఇయ్యలేదన్నాను.

"అట్లయితే మా ఇసకను ఆడికి పంపిస్తే సరిపోతాది. లారీ బాడుగ ఎవురిస్తారో కనుక్కో" అన్నాడు. నేను నవ్వాను. ఆ నెలలో నేను నవ్వడం అదే మొదటిసారి అనుకుంటా.

ఊరు దాటగానే రోడ్డు పక్కన ఈతచెట్లు, వాటి వెనక దిబ్బలు కనిపిస్తాయి. చూడని వాళ్లకు నమ్మబుద్ధి కాదు. రాళ్ల గుట్టలు, ఎర్రనేలలు ఉన్న జిల్లాలో ఒక్కసారిగా ఎడారి మొదలవుతుంది. వేదవతిని ఇక్కడ హగరి అంటారు. ఎండిన ఆ ఏటిలోంచి గాలి ఇసుకను లేపి పొలాల మీద వేస్తుంది. ఆషాఢం, శ్రావణం నెలల్లో గాలి మరీ ఎక్కువ. ఫొటోలకు దిబ్బల అంచు బాగుంటుంది, పొద్దున తొమ్మిదిన్నర లోపల నీడలు పొడుగ్గా పడతాయి. టికెట్ లేదు, గేటు లేదు, అమ్మేవాళ్లు లేరు. ఆడపిల్లలు పగటిపూట ఒంటరిగా వెళ్లొచ్చు, కొలతలకు నేను ఎప్పుడూ ఒంటరిగానే వెళ్లాను. ఇవి మనుషులు సాగు చేసే పొలాలు, అది మరిచిపోవద్దు.

నా కడ్డీలు ఉన్న పొలం తిప్పక్కది. యాభై దాటిన మనిషి, సన్నగా, గట్టిగా ఉంటుంది. రెండేళ్ల కిందట ఆమెను అడిగే కడ్డీలు నాటాను. సర్కారు వాళ్లా అని అడిగింది, కాదు చదువుకునేదాన్ని అన్నాను, అయితే నాటుకో అంది. అంతే మా ఒప్పందం. పొలానికి ఏటివైపు ఆమె తుమ్మకంపతో అడ్డుకట్ట వేసుకుంది, ఇసుక తోసుకురాకుండా. ఆ కంప వరస తిన్నగా ఉందని, దాని పక్కనే నా కడ్డీలు వరసగా నాటాను. తర్వాత ప్రతిసారీ నేను మధ్యాహ్నం బస్సు అందుకోవాలని హడావిడిగా వచ్చి, కొలుచుకుని, దూరం నుంచి చెయ్యూపి పోయేదాన్ని. ఆ తొమ్మిదిసార్లలో ఆమె ఇంటి గడప తొక్కింది లేదు.

ఆటో దిగి కంప వైపు నడుస్తుంటే తిప్పక్క, ఆమె కోడలు రేణుక అక్కడే పని చేస్తూ కనిపించారు. వారం కిందట గాలి బాగా కొట్టినట్టుంది, కంప సగం ఇసుకలో మునిగింది. వాళ్లు పారతో తవ్వి, కంపను పైకి లాగి, కొత్తగా చేరిన ఇసుక మీద మళ్లీ నిలబెడుతున్నారు. లేపిన చోటల్లా రేణుక ఒక నీలం గుడ్డపీలిక కడుతోంది. ఆమె రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డులో పని చేస్తుంది, కత్తిరింపుల్లో మిగిలిన పీలికలు ఇంటికి తెస్తుంది. ఆ పీలికలు నాకు కొత్త కాదు. నా కడ్డీలకు చుట్టుకుని ఉండగా చాలాసార్లు చూశాను, గాలికి వచ్చి చిక్కుకున్నాయనుకున్నాను.

నేను ఫోన్ తీసి కెమెరా సర్దుకునేలోపల తిప్పక్క నా పదిహేడో నంబరు కడ్డీ దగ్గరికి వచ్చింది. దాని చుట్టూ నాలుగు పారల ఇసుక తవ్వి తీసింది. రెండు చేతులతో పట్టుకుని పైకి లాగింది. ఎర్ర గీత ఇసుక లోపలి నుంచి బయటకు వచ్చింది. గీత సరిగ్గా మట్టానికి వచ్చాక ఆపి, చుట్టూ కాలితో తొక్కి గట్టి చేసింది. రేణుక వంగి పీలిక ముడి వేసింది. తర్వాత ఇద్దరూ పద్దెనిమిదో కడ్డీ దగ్గరికి పోయారు.

నేను ఫోన్ దించి వాళ్ల వెనకాలే పోయాను.

"ఏం చేస్తాండావు తిప్పక్కా?"

ఆమె తల ఎత్తి, సంతోషంగా చూసింది. "వొచ్చినావా పాపా. నిన్ననే అనుకున్న్యాము, ఈ తూరి ఇంగా రాలేదే అని. నీ కడ్డీలు ఎత్తి పెడ్తాండాము."

"ఏంటికి?"

"ఏంటికంటే? మునిగిపోతాండాయి గదా. అంత దూరం నుంచి వొచ్చి నాటిపోయినావు, మళ్లా వొచ్చి యాడ వెతుక్కుంటావు? మా కంప ఎత్తేటప్పుడు నీవీ ఎత్తుతాము. గాలి కొట్టినప్పుడంతా ఇదే పని."

"మొదట్నుంచీ ఎత్తుతాండారా?"

"మొదట్నుంచే. ఒగటి గూడా పోనియ్యలేదు. లెక్కబెట్టుకో కావల్లంటే, నలభై ఉండాయి."

"గీత దాకానే ఏంటికి లాగుతాండావు?"

ఆ ప్రశ్నకు ఆమె నన్ను కొంచెం జాలిగా చూసింది. "గీత గీసింది నువ్వే గదా పాపా. ఇసక ఆడి దాకా ఉండల్లనే గదా గీస్తావు? లేకుంటే రంగు ఏంటికి దండగ?"

రేణుక నవ్వుతూ, "మా అత్త నీ కడ్డీలకు చేసిన చాకిరీ నా పెండ్లికి గూడా చెయ్యలేదక్కా" అంది.

"నీ పెండ్లి మునిగిపోతాండెనా?" అని తిప్పక్క అక్కడికక్కడే అంటించింది. వెనక నిలబడిన ఎర్రిస్వామన్న పొట్ట పట్టుకుని నవ్వాడు.

నేను ఆ ఇసుకలోనే కూర్చుండిపోయాను. తొమ్మిదిసార్లు, నలభై కడ్డీలు, మూడు వందల అరవై కొలతలు. నేను కొలిచింది ఇసుకను కాదు. తిప్పక్క ఎంత శుభ్రంగా పని చేస్తుందో అది కొలిచాను. రెండు వేళ్ల తేడా లోపలే. ఫోన్‌లో పాత ఫొటోలు తీసి చూశాను. ప్రతి దాంట్లో నీలం పీలిక ఉంది. పెద్దది చేసి చూస్తే ముడి కూడా కనిపిస్తోంది. గాలి గుడ్డను తెచ్చి చిక్కించగలదు కానీ, రెండు మడతల ముడి వేయదు. అది చూడటానికి పీహెచ్‌డీ అక్కర్లేదు.

నా ముఖం చూసి ఏదో తప్పు జరిగిందని తిప్పక్కకు అర్థమైనట్టుంది. ఎండ తగిలిందనుకుని ఇంటికి తీసుకెళ్లింది. పొలం గట్టు మీదే రెండు గదుల ఇల్లు. రాగిముద్ద, ఊరిబిండి పెట్టింది. ఊరిబిండి అంటే వేయించిన వేరుశనగ గింజలు, ఎండుమిరపకాయలు రోట్లో నూరి చేసేది. ఆకలిగా లేదనుకున్నాను కానీ మొత్తం తిన్నాను. తింటూనే కడ్డీలు ఎందుకు నాటానో రెండేళ్ల తర్వాత మొదటిసారి ఆమెకు వివరంగా చెప్పాను. గీత మునిగితే ఎంత మునిగిందో కొలిచి, ఇసుక ఎంత పెరిగిందో తెలుసుకోవాలన్నాను.

తిప్పక్క ఎక్కువ బాధపడలేదు. చెయ్యి కడుక్కుని, "ఇసక ఎంత పెరిగిందో కావల్లంటే కడ్డీ ఏంటికి? బాయిని చూడు" అంది.

ఇంటి వెనక ఉన్న బావిలో పదిహేనేళ్లుగా నీళ్లు లేవు. అయినా దాన్ని పూడనివ్వరు. ఎప్పటికైనా ఊట వస్తుందని కాదు, తన మామ తవ్వించిన బావి అని చెప్పింది. ఇసుక లోపలికి జారకుండా ఏటా ఆషాఢ గాలి రాకముందే బావి చుట్టూ ఒక వరస రాళ్లు ఎత్తు పెంచుతారు. గాలి ఎక్కువైన ఏడు రెండు వరసలు. పై నుంచి చూస్తే ఒక్క వరస మాత్రమే ఇసుకలోంచి కనిపిస్తుంది. నేను మెట్ల రాళ్లు పట్టుకుని లోపలికి దిగి పైకి చూశాను. అడుగున మామ కట్టించిన నల్లరాయి గోడ నున్నగా ఉంది. దాని మీద ఒకదాని మీద ఒకటి, రంగు వేరు, సైజు వేరు, అతుకు వేరు, వరసలే వరసలు. కొన్ని గుండ్రాళ్లు, కొన్ని పగిలిన కడపరాళ్లు, ఒక వరస పాత ఇంటి ఇటుకలు.

తిప్పక్క పైనుంచి వంగి ఒక్కో వరసకూ కథ చెప్పింది. ఈ ఇటుకల వరస పెద్దోడు బడిలో చేరిన ఏడు. ఆ మీది రెండు వరసలు ఒకే ఏడాదివి, ఆ ఏడు చేను మొత్తం పోయింది. అక్కడ కడపరాళ్లు మోటారు అమ్ముకున్న ఏడు వేసినవి. ఇది రేణుక ఇంటికి వచ్చిన ఏడు. నేను లోపల నుంచి టేపుతో కొలిచి అంకె చెప్తుంటే, ఎర్రిస్వామన్న నా నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. తెలుగు అంకెలు వేశాడు, తర్వాత నేను చూసి రాసుకోవడానికి కొంచెం తంటాలు పడ్డాను. ఇరవై రెండేళ్లు లెక్కకు వచ్చాయి. నేను కడ్డీలు నాటిన తర్వాత ఎన్ని వరసలని అడిగాను.

"రెండు" అంది తిప్పక్క. "పోయిన యేడు ఒగటి, ఈ యేడు ఒగటి."

ఒక్కో వరస కొలిచాను. జానెడు. మళ్లీ కొలిచాను. జానెడుకు ఒక వేలు ఎక్కువ.

మానస రాసింది జానెడే.

నాకు ఆ క్షణంలో ఏడుపు వచ్చిందనో, శాస్త్రం మీద గౌరవం పెరిగిందనో రాస్తే బాగుంటుంది. నాకు కోపం వచ్చింది. మానస మీద. కాలికి ఒక్క రేణువు అంటకుండా, తెల్ల బూట్లతో ఒక్క పూట వచ్చిపోయి, గదిలో కూర్చుని ఆమె సరిగ్గా చెప్పింది. నేను రెండేళ్లు ఎండలో నిలబడి తప్పు చెప్పాను. ఆమె తప్పు అయ్యుంటే నాకు ఒక న్యాయం జరిగినట్టు ఉండేది. ఎండిన బావిలో నిలబడి, తలపైన గుండ్రంగా ఆకాశం కనిపిస్తుంటే, నేను ఆలోచించింది ఆమె బూట్ల గురించి.

పైకి వచ్చాక ఇంకో ఆలోచన వచ్చింది. అది ఇంకా చెడ్డది. కడ్డీలు ఎత్తిపెట్టిన సంగతి అనంతపురంలో ఎవరికీ తెలియదు. సార్ ఇక్కడికి రాడు. పత్రిక వాళ్లు అసలే రారు. కడ్డీలన్నీ ఇప్పుడే సర్ది ఉన్నాయి, గీతలన్నీ సరిగ్గా మట్టానికే ఉన్నాయి. ఇంతకన్నా మంచి ఫొటో దొరకదు. ఫొటో తీశాను. నిజంగానే చాలా బాగా వచ్చింది. కింద నీలం ముడి కనిపిస్తోంది. వేలితో అంచు జరిపి దాన్ని కత్తిరించేశాను.

మూడింటికి కణేకల్లు నుంచి బస్సు ఎక్కాను. ఎర్రిస్వామన్న ఆగినందుకు యాభై ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు, నోట్‌బుక్‌లో తన పేరు రాసుకోమన్నాడు. బస్సులో కూర్చుని వ్యాసానికి ఫొటో జతచేశాను. పంపించు అన్న బటన్ ఒక్కటే మిగిలింది. రాయదుర్గంలో బస్సు మారాను. అప్పుడు నాయన ఫోన్ చేశాడు. సాయంత్రం గొర్రెలు మళ్లించే ముందు ఎప్పుడూ చేస్తాడు. పోయిన నెల మానస వ్యాసం గురించి, దానికి కట్టిన రుసుము గురించి చెప్పినప్పుడు, దుడ్లు కట్టి పేరు వేయించుకోవాలా అని ఆశ్చర్యపోయి, మన రెండు పొట్టేళ్లు అమ్మితే సరిపోతాదా అని అడిగాడు. మంద మొత్తం అమ్మినా సరిపోదని నేను చెప్పలేదు.

ఆ రోజు జరిగింది ఆయనకు చెప్పాను, ఫొటో కత్తిరించింది తప్ప. ఆయన కడ్డీల సంగతి విని నవ్వాడు. తర్వాత అడిగాడు, "ఆ యమ్మ ఇరవై యేండ్లుగా మోస్తాండాదే ఇసక, అదంతా రాసినావా నీ దాంట్లో?"

రాస్తానని చెప్పి పెట్టేశాను. ఆపైన నా నాలుగు పేజీలు తెరిచి మొదటి వాక్యం చదివాను. ఈ పొలాల మీద ఇసుక పేరుకోవడం లేదని క్షేత్ర కొలతలు నిరూపిస్తున్నాయి, అని ఉంది అక్కడ. పొద్దున దాకా ఆ వాక్యంలో నాకు మానస మాత్రమే కనిపించింది. ఇప్పుడు అందులో పార పట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లు మోసే ఇసుక అసలు లేనే లేదని, వాళ్లు నిలబెట్టిన కడ్డీల సాక్ష్యంతోనే నేను చెప్పబోతున్నాను. కళ్యాణదుర్గం వచ్చేలోపల ఆ ఫైలు తీసేశాను. మానసకు బావి ఫొటో పంపి, నీ లెక్క సరిపోయింది, ఇరవై రెండేళ్ల రుజువు ఈ గోడలో ఉంది, నా కడ్డీలు పనికిరావు, ఎందుకో కలిసినప్పుడు చెప్తాను అని రాశాను. ఆ నాలుగు ముక్కలు రాయడానికి బెళుగుప్ప రోడ్డు నుంచి కళ్యాణదుర్గం బస్టాండు దాకా పట్టింది.

రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. పత్రిక సమీక్షకులు క్షేత్ర రుజువు లేదని ఆరు నెలలు తనను తిప్పారట. ఈ బావి ముందే తెలిసుంటే బాగుండేదంది. నా కడ్డీల కొలతలు అడుగుదామనుకుని, నేను ఇవ్వనేమోనని అడగలేదంది. అది నిజమే, నేను ఇచ్చేదాన్ని కాదు. తర్వాత, దీని మీద ఇద్దరం కలిసి ఇంకో వ్యాసం రాద్దామా అని అడిగింది. మొదటి పేరు ఎవరిది అని అడిగాను. చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. ఈ పోస్టు రాసే సమయానికి దానికి జవాబు రాలేదు.

సోమవారం సమీక్ష అయిపోయింది. ఏం పంపావని అడిగితే ఏమీ పంపలేదన్నాను. కడ్డీల సంగతి చెప్తే కమిటీలో ఒకాయన నవ్వాడు, ఒకావిడ నవ్వలేదు. బావి కొలతలు చూపించాను. ఏడాది అడిగితే మూడు నెలలు ఇచ్చారు. మానస వచ్చే వారం యూరప్ వెళ్తోంది, కొత్త సూట్‌కేసు ల్యాబ్‌కు తెచ్చి చక్రాలు ఎలా తిరుగుతాయో అందరికీ చూపించింది. చూశాను. అసూయ పోయిందని చెప్పలేను, ఆ సూట్‌కేసు చక్రాల చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. కానీ ఒక తేడా ఉంది. ఇన్నాళ్లు నేను పని చేసిన చోటు మానసకు తెలియదు, నాకు తెలుసు అనుకుని గర్వపడేదాన్ని. తొమ్మిదిసార్లు వెళ్లి, ఆ ఇంటి వెనక ఏముందో చూడని మనిషికి ఆ గర్వం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఈ మూడు నెలల్లో హగరి ఒడ్డున ఇంకా ఎన్ని బావులకు ఇలా వరసలు పెంచారో కనుక్కోవాలి. తిప్పక్క ఏడు పేర్లు చెప్పింది.

వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒకటే. పది తర్వాత గాలి లేస్తుంది, ముఖానికి కట్టుకోవడానికి నూలు తువ్వాలు తీసుకెళ్లండి. అదెలాగూ అందరూ చెప్తారు. నేను చెప్పేది వేరు: ఎవరి పొలంలోనైనా మీరు ఏదైనా నాటినా, గుర్తు పెట్టినా, అది ఎందుకో ఆ మనిషికి కూర్చుని చెప్పి రండి. నేను ఈసారి బయలుదేరే ముందు చెప్పాను, ఇంక కడ్డీలు ఎత్తొద్దని, మునిగితే మునగనివ్వమని. తిప్పక్క అంతా శ్రద్ధగా విని, "మునిగిపోతాంటే చూస్తా ఊరకుండల్లనా?" అని రెండుసార్లు అడిగింది. అవునన్నాను. సరేలే అని తల ఊపింది కానీ, ఆటో మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూస్తే కడ్డీల దగ్గరే నిలబడి ఉంది.